రెండు జీబీ సంబంధం

“పెళ్ళిసూపులోళ్ళొచ్చే వేళయింది. ఆ కంప్యూటర్ మీద దుప్పటైనా కప్పవే!” అని అరిచాడు ఏసురాజు.

“కప్పితే వేడెక్కిపోతాది నాన్నా. లోపల వీడియో తయారవుతన్నాది,” అంది షీబా తెర మీంచి చూపు తిప్పకుండా.

ఏసురాజు బస్సు కండక్టరు. చీపురుపల్లిలో కాపురం. ఇరవయ్యారేళ్ళ కూతురు ముందుగదిలో కూర్చుని ఊరందరి పెళ్ళి వీడియోలూ ఎడిటింగ్ చేస్తుంది. తన పెళ్ళి మాటెత్తితే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. ఇప్పటికి నాలుగు సంబంధాలు కాదంది. ఆ నలుగురూ పెళ్ళయ్యాక ఈ పని మానెయ్యాలన్నవాళ్ళే.

“ఇది అయిదోది. ఇది కూడా వద్దన్నావంటే ఆ పెట్టె పట్టుకెళ్ళి పాత సామాన్లోడికి ఇచ్చేస్తాను. ఆ అబ్బాయిది కూడా కంప్యూటర్ల ఉద్యోగమేనంట. ఇంకేటి కావాల నీకు?”

“సూద్దాం నాన్నా.”

వీధిలో బైకు ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడొకడు భుజాన బ్యాగుతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

“షీబాగారిల్లు ఇదేనాండి?”

“ఇదే బాబూ, రండి రండి. విజయనగరం నుంచేనా?”

“అవునండి.”

“ఒక్కరే వచ్చారేటి?”

“ఈ పనికి ఒక్కడు సాలండి.”

ఏసురాజుకి ఆ తెగువ నచ్చింది. భార్య రూబీ బూరెలు, జీడిపప్పు పకోడీ, అరటిపళ్ళు తెచ్చి ముందు పెట్టింది. పళ్ళెం చూసి అతను కంగారుపడ్డాడు.

“ఇవన్నీ ఎందుకండి? నేనెక్కడికెళ్ళినా మంచినీళ్ళే ఇస్తారు.”

పాపం, ఎన్నిచోట్ల కాదన్నారో అనుకుని రూబీ ఇంకో బూరె వేసింది.

షీబా చీర సర్దుకుని ఎదురుగా కూర్చుంది. అతను బ్యాగులోంచి రెండు అట్టపెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు.

“తొలిసారి వస్తా పళ్ళు తేవాల గానీ, ఇవేటి?” అంది రూబీ భర్త చెవిలో.

“కంప్యూటర్ల మనిషి కదే, ఊరుకో,” అన్నాడు ఏసురాజు.

“రెండూ గ్రాఫిక్స్ కార్డులే నాన్నా. వీడియో పని తొందరగా అవ్వడానికి,” అని తండ్రికి చెప్పి, షీబా అతనివైపు తిరిగింది. “ఒకటి నాలుగు జీబీ, ఒకటి రెండు జీబీ. నా పనికి ఏది మంచిదంటారు?”

“అందులో అడగడానికేటుంది? నాలుగు పెద్దది కదా,” అన్నాడు ఏసురాజు.

“అందరూ అలాగే అనుకుంటారండి,” అన్నాడు అతను. “నాలుగు జీబీ దాంట్లో ఉన్నది పాతరకం మెమరీ. సెకనుకి ఇరవై ఎనిమిది జీబీలే కదుల్తాయి. రెండు జీబీ దాంట్లో కొత్తరకం. సెకనుకి ఎనభై.”

“అంటే?”

“బస్సులో సీట్లెన్నున్నా తలుపు ఇరుగ్గా ఉంటే జనం దిగడానికి టైం పడతాది కదండి? అలాగన్నమాట.”

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంట్లో ఎవరూ ఏసురాజుతో బస్సు భాషలో మాట్లాడలేదు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“నోటిమాటెందుకు, పెట్టే సూద్దాం,” అని అతను కంప్యూటర్ ఆపి, కింద కూర్చుని పెట్టె మూత విప్పాడు. షీబా పక్కన కూర్చుని టార్చి పట్టింది. ముందు నాలుగు జీబీ కార్డు పెట్టి, చర్చి పాట వీడియో ఒకటి తయారవ్వడానికి ఇచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఏసురాజు వాచీ చూడటం మొదలుపెట్టాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. అది తీసి రెండు జీబీ కార్డు పెట్టి అదే పాట ఇచ్చారు.

“నాలుగున్నర!” అని ఏసురాజు లేచి నిలబడ్డాడు. “సగానికి సగం!”

“కరెంటు కూడా అరవై వాట్లు దాటదండి. మీకున్న పవర్ సప్లై సరిపోతాది. కొత్తది కొనక్కర్లేదు,” అంటూ అతను మూత బిగించాడు. ఇస్త్రీ చొక్కా నిండా దుమ్ము.

ఏసురాజు గొంతు సవరించుకున్నాడు. నాలుగు సంబంధాలూ ఈ ప్రశ్న దగ్గరే తప్పిపోయాయి.

“అంతా బాగుంది బాబూ. పెళ్ళయ్యాక కూడా ఈ పని సేసుకోవచ్చంటారా?”

అతను తెర మీద ఆడుతున్న పాటని కాసేపు చూశాడు.

“ఇంత సక్కగా సేస్తన్నారు. మానెయ్యడమేటండి? ఇంకో మానిటర్ పెట్టుకుంటే ఇంకా సులువవుతాది.”

మూత బిగించి చాలాసేపయినా షీబా చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. తల్లీ తండ్రీ వెనకే వెళ్ళారు.

“ఏటమ్మా?” అన్నాడు ఏసురాజు మెల్లగా.

“నాకిష్టమే నాన్నా.”

“నిజంగానా?”

“సేసుకుంటే ఈయన్నే సేసుకుంటాను. ఇంకెవర్నీ సూపించకండి.”

రూబీ అక్కడే, గ్యాస్ పొయ్యి పక్కనే, కళ్ళు మూసుకుని ప్రభువుకి వందనాలు చెప్పుకుంది. ఏసురాజు కండువాతో ముఖం తుడుచుకుని ముందుగదిలోకి వచ్చాడు. దుమ్ము చేతులని కూడా చూడకుండా అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

“బాబూ, మా అమ్మాయి ఒప్పుకుంది. మీ పెద్దోళ్ళతో ఎప్పుడు మాటాడమంటారు?”

“పెద్దోళ్ళంటే మా షాపు ఓనరుగారేనండి,” అన్నాడు అతను నాలుగు జీబీ కార్డు బ్యాగులో సర్దుకుంటూ. “కార్డులిచ్చి నన్ను పంపమని మీ అమ్మాయిగారు పొద్దున ఫోన్ సేసింది ఆయనకే.”