గలగల చప్పుడు

చేత్తో కారు నడపడం నేరమై పన్నెండేళ్లయింది. అన్నీ వాటంతటవే, పిల్లుల్లా చడీచప్పుడు లేకుండా పోతున్నాయి. పాత పెట్రోలు కార్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఇంజన్లో చప్పుడు వస్తే, అదెక్కడో తేలేదాకా మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని ఓనరే నడపొచ్చు.

"మళ్లీ గలగలమంటోంది మస్తాన్," అంది అనసూయమ్మ. ఇది నాలుగో వారం. బెజవాడలో ఇంజన్ జబ్బుని చెవితో పట్టే మెకానిక్కు మస్తాన్ ఒక్కడే మిగిలాడు. అతనికే దొరక్కపోవడం తలవంపులుగా ఉంది.

డెబ్బై ఏళ్ల అనసూయమ్మ గేరు మార్చి, కరకట్ట మీద కారుని ఉరికించింది. పక్క కార్లలో జనం నిద్రపోతున్నారు. ఈవిడ మలుపు మలుపుకీ పకపకా నవ్వుతోంది.

మస్తాన్ కారు ఆపించి, బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి, పిడి చెవికి ఆనించి విన్నాడు. ఇంజన్ భేషుగ్గా ఉంది. బ్యాటరీ వెనక తడిమితే రేకు డబ్బా తగిలింది. లోపల ఐదు గచ్చకాయలు.

"ఇవేంటమ్మా?"

"ఎలకలు తెచ్చి పెట్టుంటాయి నాయనా."

"మూత కూడా ఎలకలే బిగించాయా?"

ఇంతలో స్తంభం మీది పోలీసు కెమెరా గొంతు సవరించుకుంది. "చప్పుడు దొరికిందా? దొరికితే బండి ఇక షెడ్డు దాటకూడదు."

అనసూయమ్మ మొహం వాడిపోయింది.

మస్తాన్ బానెట్ చాటున జేబులోంచి ఒక పెద్ద నట్టు తీసి డబ్బాలో వేశాడు. మూత గట్టిగా బిగించి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

"ఇంకా దొరకలేదు సార్," అన్నాడు కెమెరాతో. "బందరు దాకా నడిపితేగానీ తేలేట్టు లేదు."