వద్దుగారు

"కనుమ దగ్గర ఇప్పుడెలా ఉంది సార్?"

పళ్ల డాక్టరు ఫోన్లో ఇదే ప్రశ్న అడగడం నాలుగోసారి. కొండల మధ్య ఆ సందు దాటితేనే ఆవిడ విమానం ఇవతలికి రాగలదు. ఆవిడకి సొంతంగా రెండు సీట్ల విమానం ఉంది. వారంలో అయిదు రోజులు పళ్లు పీకుతుంది. మిగతా రెండు రోజులూ గాల్లోనే ఉంటుంది. బయలుదేరే ముందు అందరు పైలట్లలాగే వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసి, దారిలో మబ్బు, గాలి, వాన సంగతి చెప్పించుకుంటుంది.

చెప్పే మనిషికి పైలట్లు పెట్టుకున్న పేరు వద్దుగారు. ఆయన నోటి నుంచి 'వెళ్ళండి' అన్న మాట విన్న పైలట్ ఇంకా పుట్టలేదని ఫ్లయింగ్ క్లబ్బులో జోకు. అలాగని ఆయనకి ఎవరినీ ఆపే అధికారం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చివర ఒక సలహా చదవడం వరకే ఆయన పని. ఎగరడమా మానడమా అన్నది పైలట్ ఇష్టం. ఇరవై రెండేళ్ళలో ఆయన సలహా పెడచెవిన పెట్టి వెళ్ళి ఇద్దరు కొండని ఢీకొట్టారు. ఆ ఇద్దరి గొంతులూ ఆయనకి ఇప్పటికీ గుర్తే.

"మబ్బు కొండ నడుము దాకా దిగింది డాక్టరుగారూ. కనుమ కెమెరాలో తెలుపు తప్ప ఏమీ లేదు. కంటితో చూస్తూ నడిపే ప్రయాణానికి అనుకూలం కాదు."

"ఆ చివరి ముక్క నాకు కంఠతా వచ్చేసింది సార్. నేనేం షికారుకి రావట్లేదు. పక్క సీట్లో రెండు బ్యాగుల రక్తం ఉంది. మీ ఊరి పెద్దాసుపత్రికి. ఎవరో బాలింతట. బిడ్డ బాగానే ఉందట, తల్లికే రక్తం ఆగట్లేదట. అయిదింటిలోగా ఎక్కించకపోతే దక్కదంటున్నారు."

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. కొండచరియలు విరిగిపడి పొద్దున్నుంచీ ఘాట్ రోడ్డు మూసేశారు. హెలికాప్టరు వాళ్ళు మధ్యాహ్నమే చేతులెత్తేశారు. ఆ అరుదైన గ్రూపు రక్తం కొండకి అవతలి ఊళ్ళోనే దొరికింది. వద్దుగారి తర్వాత డ్యూటీకి రావాల్సిన మనిషి కూడా అవతలే ఇరుక్కుపోయాడు. అందుకని నిన్న సాయంత్రం కూర్చున్న కుర్చీలోనే ఆయన ఇంకా ఉన్నాడు. కేంద్రం ఖాళీగా వదిలి లేవడానికి లేదు.

"ఐసు పెట్టెలోనే ఉంచారు కదా?" అన్నాడు.

"దేన్ని?"

"రక్తాన్ని."

"అదంతా బ్లడ్ బ్యాంకు వాళ్ళు చూసుకున్నారు సార్. మీరు మబ్బుల సంగతి చూడండి, చాలు."

చూశాడు. రాడార్ చూశాడు. తూర్పు నుంచి చుట్టు తిరిగి వచ్చే దారి చూశాడు. అక్కడ ఉరుములు. దక్షిణపు దారి పట్టుకుంటే ఆ చిన్న విమానానికి పెట్రోలు చాలదు. ఒకసారి చూసిందే మళ్ళీ మొదటి నుంచి చూశాడు. సొరుగులో ఆయన సొంత ఫోను గుర్రుమని ఆగింది. పైలట్ లైన్లో ఉండగా దాన్ని ముట్టకూడదు.

ఇంతలో కెమెరా తెర మీద తెలుపు కదిలింది. కనుమ మీది టవరు నల్లగా బయటపడింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"టవరు కనిపిస్తోంది డాక్టరుగారూ."

"అయితే వచ్చేస్తున్నా."

"ఉండండి."

ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టాడు. ముప్పై దాకా వెళ్ళాడు. ముప్పై ఒకటి దగ్గర టవరు మళ్ళీ మబ్బులో మునిగిపోయింది. ఉన్నది చెప్పడమే ఉద్యోగం గనక చెప్పాడు.

"పోయింది."

"ఒకసారి తెరుచుకున్నది మళ్ళీ తెరుచుకోదా సార్? నేను అక్కడికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది."

"తెరుచుకోవచ్చు. మీరు లోపలికి దూరాక మూసుకోనూవచ్చు. కనుమలో వెనక్కి తిరగడానికి చోటు లేదు."

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"సార్, పుస్తకంలో మాట పక్కన పెట్టండి. నన్ను మీ కన్నకూతురే అనుకుని చెప్పండి. రమ్మంటారా, వద్దంటారా? మీరు రమ్మంటే ఈ నిమిషమే ఇంజను స్టార్ట్ చేస్తా."

రమ్మంటే వచ్చేస్తుంది, పిచ్చిపిల్ల. ఏమో, పదిసార్లలో ఒకసారి దాటనూవచ్చు. ఆ ఒక్కసారి ఇవాళే కాకూడదా? టేబుల్ అంచు గట్టిగా పట్టుకున్నాడు. అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. తెర తెల్లగా ఉంది. ఆయనకి ఏడుపొచ్చింది.

"వద్దమ్మా," అన్నాడు.

పళ్ల డాక్టరు కోపంగా నవ్వింది. "మీకా పేరు ఊరికే పెట్టలేదు సార్. అక్కడ కూర్చుని వద్దనడం ఎంతసేపు? ఆ పేషెంటు తాలూకు వాళ్ళకి మీరే చెప్పాల్సివస్తే తెలిసేది."

"నిజమే," అన్నాడు. "విమానం షెడ్డులో పెట్టించండి. గంటలో మీ వైపు కూడా గాలి ముదురుతుంది."

ఆవిడ సరేననకుండానే ఫోన్ పెట్టేసింది. తర్వాత కాసేపటికి విమానం షెడ్డులోకి వెళ్ళిందని క్లబ్బు నుంచి కబురొచ్చింది. ఆయన లాగ్ పుస్తకంలో టైము వేసి, ప్రయాణం రద్దు అని రాశాడు.

అప్పుడు సొరుగు లాగి, మళ్ళీ గుర్రుమంటున్న సొంత ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "అల్లుడుగారూ, రక్తం రావట్లేదు, మీరు అమ్మాయి చెయ్యి వదలకండి" అన్నాడు.