సిలువ గుర్తు గ్లాసు

కృపమ్మ కాఫీ తాగే ఇత్తడి గ్లాసుని ఆశ్రమంలో ఇంకెవరూ ముట్టుకోరు.

అంచు కింద చిన్న సిలువ చెక్కిన గ్లాసు అది. వంటింట్లో మిగతా గ్లాసులన్నీ ఒకే పీట మీద బోర్లించి ఉంటాయి. కృపమ్మ గ్లాసుకి మాత్రం కిటికీలో వేరే చోటు. రోజూ పొద్దున వంటమనిషి నంజమ్మ చెంబుతో వచ్చి అందులోకి కాఫీ ఎత్తి పోస్తుంది. నురగ అంచుదాకా వస్తుంది. పోసి, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడుతుంది.

గుమాస్తాలు కాగితాలు చేతికివ్వరు. బల్ల చివర పెట్టి పక్కకు జరుగుతారు. ఆమె కుర్చీలో, ఆమె లేనప్పుడు కూడా, ఎవరూ కూర్చోరు.

సూపరింటెండెంటు అంటే అంతే మరి.

బెంగుళూరు శివార్లలో పీణ్య దాటాక, తుమకూరు రోడ్డు పక్కన మిషన్ వాళ్ళ కుష్ఠురోగుల ఆశ్రమం అది. దొరసానమ్మ ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, "నా కుర్చీలో కృపమ్మే కూర్చోవాలి" అని పట్టుబట్టి మరీ వెళ్ళింది. అంతకు ముందు కృపమ్మ పని పుళ్ళు కడగడం, కట్లు కట్టడం. తర్వాత మందులివ్వడం. ఆ తర్వాత ఆడవాళ్ళ వార్డు మొత్తం చూసుకోవడం. అన్నాళ్ళూ ఆమె అందరికీ కృపక్క. మధ్యాహ్నం రోగులతోనే రాగిముద్ద, వాళ్ళతోనే కబుర్లు.

పదవి వచ్చిన మర్నాడు అలవాటు కొద్దీ పళ్ళెం పట్టుకుని భోజనాల వసారాలోకి వెళ్ళింది. వరసలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఏంది పెద్దమునియప్పా ఇది? కూర్చోండి."

"నువ్విప్పుడు దొరసానివి గదమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దవాడైన పెద్దమునియప్ప. "మా పక్కన నేలమీద కూర్చుంటే ఆ కుర్చీకి మర్యాద ఏముండాది? నీ కోసరం కాదు, కుర్చీ కోసరం చెప్తాండా."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ముద్ద తెచ్చుకుని ఆఫీసు గదిలో తిన్నది. అప్పటినుంచి రోజూ అంతే. గోడ మీది దొరసానమ్మ పటమే తోడు.

ఆ వేసవిలో కడప నుంచి ఐజాక్ అనే కుర్రవాడు కొత్త గుమాస్తాగా వచ్చాడు. వచ్చిన వారానికే పెద్దమునియప్ప పక్కన అరుగు మీద చేరి పులి–మేక ఆడుతున్నాడు. వేళ్ళు లేని చేత్తో ముసలాయన రాయి జరపలేకపోతే, ఆ చేయి పట్టుకుని జరిపించాడు.

"నీ మేకలు నా పులిని కట్టేసినాయి గదా తాతా! నా చేత్తోనే నన్ను ఓడించినావు!"

కృపమ్మ కిటికీలోంచి చాలాసేపు చూసింది.

ఇతను కూర్చుంటాడు, అనుకుంది. నా ఎదురుగా కూర్చుని ఒక గ్లాసు కాఫీ తాగుతాడు.

పెద్ద కోరికేమీ కాదు. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

రెండు రోజులకు వంటింటి గోడ అవతల ఐజాక్ మాటలు వినబడ్డాయి.

"నంజమ్మక్కా, అమ్మగారి గ్లాసు కడగలేదే. నేను కడిగి పెట్టేదా?"

"ముట్టబాకప్పా! అది ఆయమ్మే కడుక్కుంటాది."

"అంత పెద్ద పదవిలో ఉండి కూడానా! మా కలెక్టరుకైనా ఇట్లా వేరే గ్లాసు ఉందో లేదో. మర్యాదంటే మీ దగ్గర నేర్చుకోవాల."

నంజమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది.

ఆదివారం నంజమ్మ మడివాళలో కూతురింటికి వెళ్ళింది. ప్రార్థన అయిపోయాక కృపమ్మ తనే పాలు కాచి కాఫీ కలిపింది. ఐజాక్ కోసం చిక్కపేటలో కొన్న కొత్త గ్లాసు బయటికి తీసింది. పొగలు కక్కుతున్న రెండు గ్లాసులనూ కొంగు అడ్డం పెట్టకుండానే పట్టుకొచ్చి, పిలిస్తే వచ్చి నిలబడ్డ ఐజాక్ ముందు బల్ల మీద పెట్టింది.

"చేతులు కాలలేదా అమ్మగారూ?"

"అలవాటైపోయింది నాయనా."

"పని చేసిన చేతులంటే అవీ!"

"కూర్చో. కాఫీ తాగుదాం."

ఐజాక్ చటుక్కున వెనక్కి జరిగి చేతులు కట్టుకున్నాడు. "మీ ఎదురుగా కూర్చునేదా? ఎంతమాట! అందరూ అంత దూరంలో నిలబడతాంటే, నిన్నగాక మొన్న వచ్చిన నేను మర్యాద తప్పుతానా?"

"నేనే చెప్తున్నాను కదా. చల్లారిపోతుంది."

"మీరు చెప్తారమ్మగారూ, మీ మంచితనం అట్లాంటిది. మా నాయన వింటే నన్ను తంతాడు."

ఆమెకు ఒక మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసింది. ఎంత భక్తి! ఆ మాట చెప్పాక ఆ ముఖం ఎలా మారుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

ఐజాక్ గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కళ్ళు ఆ ఇత్తడి గ్లాసు మీదే ఉన్నాయి.

"ఎప్పటికైనా నేనూ మీ అంతవాణ్ణయితే, అట్లాంటి సిలువ గుర్తు గ్లాసు నాకూ ఇస్తారు గదా అమ్మగారూ?"

"నీకది వద్దు నాయనా," అన్నది కృపమ్మ.

కొత్త గ్లాసులో కాఫీ మీగడ కట్టింది. ఆమె దాన్ని పారబోసి, తన గ్లాసు తనే కడుక్కుని, కిటికీలో దాని చోట దాన్ని బోర్లించింది.

ఆ గ్లాసు కృపమ్మకు సూపరింటెండెంటు అయిన రోజున ఇచ్చింది కాదు. వేళ్ళకు స్పర్శ పోయిందని మొగుడు తెచ్చి ఆశ్రమం గేటు ముందు దించి వెళ్ళిన రోజున, కొత్తగా చేరిన రోగికని, మిగతావాటిలో కలవకుండా సిలువ చెక్కి ఇచ్చింది.