గేటు దాటని గుర్రం

పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా ఉన్న కంప్యూటర్ షాపులోకి సోమమ్మ చంకలో మూటతో వచ్చింది.

చుట్టిన పాత చీర విప్పితే లోపల సీపీయూ డబ్బా.

సంచిలోంచి ఒక సీడీ తీసి కౌంటరు మీద పెట్టింది.

“సేటూ, గీ కొత్త ఆట గీండ్ల మంచిగ నడుస్తదా, జెర సూడు.”

షాపు యజమాని నాగేశ్వర్ సీడీ అట్ట తిప్పి చూశాడు. 2006 వేసవి అది. ఆ గుర్రాల ఆట గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. యాభై ఏళ్ల ఆడమనిషి అడగడం మాత్రం ఇదే మొదలు.

“ఎవరికి పెద్దమ్మా?”

“నా కొడుకుకు. మొగులయ్య.”

“చిన్న పిలగాడా?”

“ఇరవై ఆరేండ్లు.”

నాగేశ్వర్‌కు నవ్వొచ్చింది. “పనికి పోడా?”

“పోతలేడు.”

“మరేం జేస్తడు?”

“పండుకోనే ఉంటడు.”

షాపులో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సోమమ్మ నవ్వలేదు. గోడ గడియారం వైపు చూసింది.

“జల్దీ జెప్పు సేటూ. పన్నెండున్నర చిట్కుల్ బస్సు పోతే మల్ల రెండు దాక లేదు. తలుపుకు తాళమేసి వచ్చిన.”

“కొడుకు ఇంట్లనే ఉన్నడంటివి?”

“లోపట్నే ఉన్నడు.”

ఎదిగిన కొడుకును లోపల పెట్టి తాళం వేసే తల్లిని నాగేశ్వర్ ఎన్నడూ చూడలేదు. తాగుబోతేమో అనుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

డబ్బా విప్పాడు. ర్యామ్ తక్కువగా ఉంది. ఇంకొకటి పెట్టి మూత బిగించాడు.

“ఇగ నడుస్తది.”

“ఒక్కపారి నడిపి సూపియ్యరాదు?”

“ఆట ఎక్కియ్యనీకే అరగంట పడ్తది. ఉంటవా?”

ఆమె మళ్లీ గడియారం చూసింది. డబ్బాను చంకనెత్తుకుని బస్సు కోసం పరుగెత్తింది.

నాలుగో రోజు వట్టి చేతులతో వచ్చింది.

“ఆగి ఆగి నడుస్తంది సేటూ. కోటలకెళ్లి బయటికి పోవాలె. గుర్రం గేటు కాడికి రాంగనే బొమ్మ ఆగుతది. మల్ల కదిలే వరకు గేటు పడిపోతది. నాలుగొద్దుల సంది గా కోటల్నే ఉన్నడు.”

“ఆటనే గద పెద్దమ్మా! బయటికి పోకపోతే ఏమైతది?”

“గేటు అవతల అడివట. ఎటన్న పోవచ్చట. గదొక్కటే అడుగుతుండు.”

పక్కన ఎవరో ప్రింటర్ కోసం తొందర పెడుతున్నారు. నాగేశ్వర్‌కు విసుగొచ్చింది.

“కంప్యూటర్ మంచిగనే ఉన్నది. నీ కొడుకు చేతులే నిదానం. జల్దీ జల్దీ కొట్టమను.”

సోమమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

“నేర్సుకుంటే జల్దీ అయితయా సేటూ?”

“ఎందుకు గావు?”

ఆమె తలూపి వెళ్లిపోయింది.

వారం తర్వాత ఇస్నాపూర్ నుంచి ఒక లెక్చరర్ అదే ఆటతో, అదే ఫిర్యాదుతో వచ్చాడు. ఈసారి నాగేశ్వర్ కూర్చుని నడిపి చూశాడు. గేటు దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఎంత వేగంగా కొట్టినా అంతే. పదిసార్లు మొదలుపెట్టాడు. పదిసార్లూ గుర్రం కోటలోనే చిక్కుకుంది.

బొమ్మను ఆగకుండా కదిలించే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేకుండా ఆ ఆట సరిగ్గా నడవదు.

నాగేశ్వర్‌కు సోమమ్మ ముఖం గుర్తొచ్చింది. ఆమె తన మాట నమ్మి వెళ్లింది.

ఆదివారం పొద్దున ఒక కార్డు తీసుకుని స్కూటర్ మీద చిట్కుల్ వెళ్లాడు. మొగులయ్య పేరు చెప్పి అడుగుతూ పోతే రేకుల గదుల వరసలో చివరి గది చూపించారు.

తలుపుకు తాళం. కిటికీ కూడా మూసి ఉంది.

“అమ్మ నీళ్లకు పోయింది,” లోపలి నుంచి గొంతు వినిపించింది.

“నేను కంప్యూటర్ షాపాయన్ను. జెర కిటికన్న తియ్యి తమ్మీ.”

“నేను తియ్యలేనన్నా.”

కాసేపటికి సోమమ్మ బిందెతో వచ్చింది. అతన్ని చూసి కంగారుగా తాళం తీసింది.

లోపల కొలిమిలా వేడి. ఫ్యాక్టరీల ఘాటు వాసన రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. మంచం మీద మెడ దాకా దుప్పటితో ఒక యువకుడు పడుకుని ఉన్నాడు. అతని ముఖం ఒక్కటే ఇటు తిరిగింది.

“ఫ్యాక్టరీల ట్యాంకు మీదికెళ్లి కింద పడ్డడు,” అంది సోమమ్మ. “మెడ కిందికి ఏం కదలదు. రెండేండ్లాయె. నేను లేనప్పుడు కుక్కలు లోపటికి జొర్రకుంట తాళమేస్త. దోస్తులు గీ కంప్యూటర్ తెచ్చిచ్చిండ్రు.”

నాగేశ్వర్ తలొంచుకుని కార్డు బిగించాడు. ఆట పెట్టి తానే కొంతసేపు నడిపాడు. గుర్రం ఎక్కడా ఆగలేదు. గేటు కనబడే దాకా తెచ్చి నిలిపాడు.

“ఇగ మంచిగ నడుస్తది తమ్మీ,” అన్నాడు. తర్వాత మెల్లగా, “చేతులు నిదానమన్న గా రోజు. ఎరుక లేక అన్న. తప్పయింది,” అన్నాడు.

మొగులయ్య నవ్వాడు.

“తప్పేం లేదన్నా. నువ్వు జెప్పిన కాన్నుంచి రోజు నేర్సుకునుడే. ఇప్పుడు చేతులు మస్తు జల్దీ అయినయి. గేటు కాడ సూడు. జెర కుర్చీలకెళ్లి లెవ్వు.”

దుప్పటి కింద కదలని ఆ ఒంటిని చూస్తూ, ఏమీ అర్థం కాక నాగేశ్వర్ లేచాడు.

సోమమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆ కుర్చీలో కూర్చుంది. వాచిన వేళ్లను మీటల మీద సర్దుకుని, తెర మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది, “చెప్పు బిడ్డా, ఎటు?”