రెండెండలు

"షాంపూ వద్దమ్మా సెహాయ్. ఆ నురగ జడల్లో దూరిందంటే మళ్లీ బయటికి రాదు," అన్నాడు నాన్న, మంచం అంచున తల వాల్చి.

"చిన్నప్పట్నుంచీ వింటున్నదే కదా. కలబందే కోసుకొచ్చాను."

"మరి నీళ్లు?"

"వాన నీళ్లే. వడగట్టాను కూడా. ఇంకేమైనా ఆజ్ఞా?"

నవ్వబోయి దగ్గాడు. మోకాళ్లదాకా పెరిగిన ఆయన జడల్ని బేసిన్‌లో ముంచి, కలబంద గుజ్జు పట్టించి, ఒక్కొక్కటే పిండాను. రెండుసార్లు నీళ్లు మార్చాక తేటపడ్డాయి.

"ఇంకోసారి," అన్నాడు.

"చాల్లే నాన్నా, పొద్దు వాలింది. ఇవి ఆరాలంటే రెండెండలు కావాలి. తడిజడలతో పడుకుంటే ముక్కవాసనొస్తుందని నన్ను తిట్టేది నువ్వే."

"ఈసారికి ఆరకపోయినా ఫర్వాలేదు."

నా చేతులు ఆగిపోయాయి. మా జమైకా కొండల్లో, జడలు కత్తిరించని మా రాస్తా మతస్థుల ఇళ్లలో చావు మాట ఎత్తం. పోయినవాళ్లని ముట్టుకోం. వాళ్లని కడిగి పెట్టెలో పెట్టే పని మొరాంట్ బే పట్నం నుంచి వచ్చే శవపెట్టెలవాళ్లకే వదిలేస్తాం.

"వాళ్లు దేంతో కడుగుతారో," అన్నాడు నాన్న కళ్లు మూసుకుని. "నీ చేత్తో అయితే ఇవాళే కుదురుతుంది."

ఇంకో రెండు చెంబులు పోశాను. తర్వాత తువ్వాలు తెచ్చి, ఒక్కో జడనీ అందులో చుట్టి గట్టిగా ఒత్తసాగాను.

"ఎందుకే?"

"ముక్కవాసనొస్తే రేపు తిడతావుగా."

నాన్న నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"తిడతాను," అన్నాడు.