ప్రత్యక్ష సాక్షి

తిప్పేష్ నీటిగుంటను తప్పించుకుని నడిచాడు. అది విజయభాస్కర్ ఒళ్లు మండించింది.

అనంతపురంలోని ఆ ఆసుపత్రి ఆవరణలో ట్యాంకరు కారి నిలిచిన నీళ్లవి. పుట్టుకతో చూపు లేదని చెప్పుకునే మనిషి, చేతికర్రతో ఒకటికి రెండుసార్లు తట్టి, చెప్పు తడవకుండా పక్కనుంచి దాటిపోయాడు. అంధుల కోటాలో ఉద్యోగాలు చేస్తున్నవారిని మళ్లీ పరీక్షించే శిబిరం ఆ రోజు అక్కడే జరుగుతోంది.

ఇద్దరిదీ ఒకే కార్యాలయం. వికలాంగులకు ఉపాధి చూపించడం దాని పని. రోజూ చూపించేది మాత్రం బయటికి పోయే దారి. అక్కడ సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. పదోన్నతికి మిగిలినవి ఈ ఇద్దరి పేర్లే. తిప్పేష్‌కు చూపుందని తేలితే పదోన్నతి మాట అటుంచి, అసలు ఉద్యోగమే ఊడుతుంది. ఇక కుర్చీకి అడ్డెవరు?

పొద్దున జీపులో వస్తూ తిప్పేష్ కదిలించనే కదిలించాడు. "అన్నా, ఆ కుర్చీలో కూసుంటే కట్టలు కట్టలు ఫైళ్లు సదవల్ల. నీతో అయితాదా?"

"దానికి యశోదమ్మ లేదా?" అన్నాడు విజయభాస్కర్.

నిజమే. ఫైలు చదివే శ్రమ ఆయన ఏనాడూ పెట్టుకోలేదు. గుమస్తా యశోదమ్మ పక్కన కూర్చుని చదువుతుంది. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. ఆమె వేలు పెట్టిన చోట సంతకం చేస్తాడు. జీపు దిగితే అటెండరు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాలి. మధ్యాహ్నం క్యారియరు విప్పి ఏ గిన్నెలో ఏముందో ఎవరో ఒకరు విన్నవించాలి.

తిప్పేష్ అలా కాదు. కంప్యూటరు గొంతు విప్పి చదువుతుంటే చకచకా టైపు చేస్తాడు. సాయంత్రం ఒంటరిగా శింగనమల బస్సెక్కుతాడు. ఇంత పని చేసేవాడు అంధుడెలా అవుతాడన్నది విజయభాస్కర్ సిద్ధాంతం.

పరీక్ష గదిలో డాక్టర్ పద్మప్రియ తిప్పేష్ కళ్లలోకి లైటు వేసి చూసింది. "చూపు లేదు. మీరు వెళ్లొచ్చు" అంది.

గుమ్మం బయట వింటున్న విజయభాస్కర్ ఇక ఆగలేకపోయాడు. చెయ్యి అందించబోయిన అటెండరును విదిలించుకుని లోపలికి దూసుకొచ్చాడు.

"మోసపోతాండారు డాక్టరమ్మా! ఈయప్ప కండ్లు బాగుండాయి. నేను విజయభాస్కర్‌ను, అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును."

డాక్టరు బల్ల మీది కాగితం ఒకసారి చూసుకుంది. "చెప్పండి" అంది.

"బయట నీళ్లగుంటను చక్కగా తప్పించుకోని పోయినాడు."

తిప్పేష్ నవ్వాడు. "మరి ఈ కట్టె యాలన్నా, నెత్తిన పెట్టుకునేదానికా?"

"గేటు కాడ చెనక్కాయలమ్మే తిరుపాలమ్మ నోరిప్పకుండానే నగింది. పచ్చచీర, ముక్కున ఎర్రరాయి. ఆ మనిషిని చూసి ఈయప్పా నగినాడు!"

"చెనక్కాయలు ఏగే వాసనకు ఎవురి మొగమైనా ఇచ్చుకుంటాది లేన్నా. గాలిమాటలు ఎన్నైనా చెప్తారు. చూసినోళ్లుంటే పిల్చుకోని రా. యాడుండారు?"

ఆ మాట విజయభాస్కర్‌కు సూటిగా తగిలింది. కుర్చీ చేతికందే వేళ సాక్ష్యం చాలదంటే ఎట్లా?

"యాడనో ఎతికేది యాలప్పా? ఈ రెండు కండ్లతో నేనే చూసినా!"

డాక్టరు కలం మూత పెట్టి, "చాలా సంతోషమండీ, అంధుల వరుసలో తిప్పేష్ తరువాత పిలవాల్సిన పేరు మీదే గనక, మీకిక వేరే పరీక్ష అక్కర్లేదు" అంది.