మూడో గుర్రం

యాభై ఏడులో మా కొల్హాపూర్‌లో తీసిన సినిమాలో, యుద్ధం సీనులో మూడో గుర్రం మీద దూసుకొచ్చేది తనేనని దత్తోబా పెళ్లిచూపుల నాటినుంచీ చెప్పుకుంటున్నాడు. రీళ్లన్నీ కాలిపోయాయన్న ధీమా.

ఇన్నేళ్లకి ఎక్కడో ఒక కాపీ బయటపడింది. సినిమా వేస్తూ దత్తోబాకి దండ వేసి, భార్య హౌసాబాయితో సహా ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయనకి చెమటలు పట్టాయి.

తెరమీద మూడో గుర్రం వచ్చింది. రౌతు ముఖం నిండా గడ్డమే. "అదిగో, మా ఆయన" అంది హౌసాబాయి. హాలంతా చప్పట్లు.

ఇంటికి రాగానే దత్తోబా తల దించుకున్నాడు. "హౌసా, అది నేను కాదే. నేను జన్మలో గుర్రం ఎక్కలేదు."

"తెలుసు. అది నేను."

దత్తోబా చటుక్కున తల ఎత్తాడు.

"అది మా టాంగా బండి గుర్రం. వేరేవాళ్లు ఎక్కితే పడేసేది. అందుకని గడ్డం అంటించి నన్నే ఎక్కించారు. బయటపడితే పెళ్లి కాదని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఇంత అబద్ధాలకోరుని ఎందుకు చేసుకున్నావే?"

"ఎన్నో సంబంధాలొచ్చాయి. నా స్వారీని అంతలా పొగిడింది మీరొక్కరే."